చెమట నేర్చుకుంటానన్న పిడుగు

"పిడుగూ, బయటికి రా. నీళ్లు."

పీటీ సార్ విజిల్ ఊదింది సరిగ్గా బాల్ పిడుగు కాళ్ల దగ్గరికి వచ్చినప్పుడే. ఎదురుగా అడ్డం ఒక్కడే ఉన్నాడు. వాడు కూడా బూటు లేసు ఊడిపోయి తిప్పలు పడుతున్నాడు. ఇలాంటి అవకాశం రమ్మన్నా రాదు.

"సార్, ఒక్క నిమిషం సార్."

"నిమిషం లేదు, అర నిమిషం లేదు. రా."

పిడుగు బాల్ వదిలేసి, కోపమంతా నేల మీద చూపిస్తూ బయటికి నడిచింది. ఆ పిల్ల అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినిపించదు. ఎప్పుడూ ముక్కు మీదే కోపం, పట్టిన పట్టు వదలదు. అందుకని ఇంట్లోవాళ్లు పిడుగన్నారు, బడి కూడా దాన్నే ఖాయం చేసేసింది.

గ్రౌండ్ పక్కన కుళాయి, దాని కింద బకెట్, అందులో మగ్గు. పిడుగు మెడ మీద, వీపు మీద నీళ్లు కుమ్మరించుకుంది. జెర్సీ లోపలున్న మందపాటి నూలు బనియన్ ఆ నీళ్లు పీల్చుకుంది. టైలరింగ్ చేసే వాళ్లమ్మ రెండు పొరలుగా కుట్టిన బనియన్ అది.

"తడికోడి వస్తోంది, దారివ్వండ్రోయ్," అన్నాడు పొడుగు.

పొడుగంటే టీమ్ కెప్టెన్. తరగతిలో అందరికన్నా ఎత్తు. ఎత్తుతో పాటు నోరు కూడా నాలుగు మూరలు ఎక్కువే. చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. పిడుగు మగ్గు ఎత్తింది గానీ, సార్ చూస్తున్నారని మళ్లీ దించేసింది.

సంగతేమిటంటే, పిడుగుకి చెమట పట్టదు. వినడానికి ఇది వరంలా ఉంటుంది, కానీ కాదు. మనందరి చర్మంలో చెమట పుట్టించే చిన్న చిన్న గ్రంథులుంటాయి. పిడుగుకి పుట్టుకతోనే అవి దాదాపు లేవు. ఎండలో పరిగెత్తితే ఒంట్లో పుట్టిన వేడికి బయటికి పోయే దారి దొరకదు. అందుకే డాక్టరుగారు తడి బనియన్ వేసుకోమన్నారు. అది ఆరకముందే మళ్లీ తడుపుకోవాలి. ఇందులో బేరాల్లేవు.

సార్ పక్కకి వచ్చి నిలబడ్డారు. గొంతు తగ్గించారు.

"చూడమ్మా, రెండు వారాల్లో ఉన్న మ్యాచ్ మన గ్రౌండ్‌లో కాదు. అవతలి జట్టు బడిలో నీడన్నది లేదు. నిన్ను రిజర్వ్‌లో పెడుతున్నాను."

"రిజర్వ్ అంటే బెంచీ మీద కూర్చోవడమే కదా సార్."

"ఎవరికైనా కాలు బెణికితే దింపుతాను. నువ్వు ఊరికే బయటికి వస్తుంటే నీ చోట్లో ఇంకొకర్ని పంపాలి, మళ్లీ పిలవాలి. ఆట మీద దృష్టి పెట్టనా, నీ మీద పెట్టనా?"

పిడుగు మగ్గుని బకెట్లో పడేసింది. టీమ్‌లో తన అంత వేగంగా పరిగెత్తేవాళ్లు లేరు. ఆ సంగతి సార్‌కి తెలుసు, పొడుగుకీ తెలుసు. అయినా బెంచీ తనకే రాసిపెట్టి ఉంది. ఎందుకంటే నుదుటి మీద నాలుగు చుక్కల చెమట పట్టదు కాబట్టి. ఇంతకన్నా అన్యాయం ఎక్కడైనా ఉందా?

సార్ అప్పుడే గోల్ కీపర్ వైపు తిరిగి అరిచారు. "ఎడమవైపు దూకడం రాదంటే ఎలారా? రోజూ దూకు. చేయగా చేయగా ఒళ్లు అదే నేర్చుకుంటుంది."

ఆ మాట గోల్ కీపర్ చెవికి ఎక్కిందో లేదో గానీ, పిడుగు చెవిలో మాత్రం గట్టిగా పడింది.

గోల్ కీపర్‌ని ఊట అంటారు. పిడుగుకి వాడే ప్రాణస్నేహితుడు. వాడికి చెమటలు మామూలుగా పట్టవు, ఊరతాయి. లెక్కల పరీక్షలో కూర్చుంటే చాలు, పేపరు తడిసి ముద్దవుతుంది. చెమట లేని పిల్లకీ చెమట ఆగని పిల్లాడికీ స్నేహం కుదరడం చూసి బడంతా నవ్వుకునేది.

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే పిడుగు అడిగింది. "ఒరేయ్ ఊటా, నీకు చెమటెలా పడుతుంది?"

"ఎలా ఏంటి? పడుతుంది."

"ముందేం చేస్తావు? ఊపిరి బిగబడతావా? దేని గురించైనా ఆలోచిస్తావా?"

ఊట బుర్ర గోక్కున్నాడు. "నేనేం చేయనే బాబూ. నన్నడిగి వస్తుందా అది? ఆపడమెలాగో తెలిస్తే ముందు నాకు చెప్పు."

"సరే, నేను నేర్చుకుంటా."

"ఏంటి నేర్చుకునేది?"

"చెమట పట్టడం. సార్ చెప్పారుగా, చేయగా చేయగా ఒళ్లు అదే నేర్చుకుంటుందని. ఇన్నాళ్లూ ఆ బనియన్ వేసి నా ఒంటిని సోమరిని చేశారు. అది తీసేస్తే ఎందుకు రాదో చూస్తా."

ఊట నిలువుగుడ్లు వేశాడు. "డాక్టరు వద్దన్నారు కదే."

"డాక్టరేం ఫుట్‌బాల్ ఆడాలా?" అంది పిడుగు.

మర్నాడు సెలవు. అమ్మ కింద మిషన్ తొక్కుతుంటే పిడుగు స్కిప్పింగ్ తాడు తీసుకుని డాబా ఎక్కింది. బనియన్ పక్కన పడేసి ఎండలో గెంతడం మొదలుపెట్టింది. కాసేపు గెంతి, నుదుటికి కాగితం అద్ది చూసింది. పొడిగా ఉంది. ఇంకాసేపు గెంతింది. కాగితం మళ్లీ పొడే. చెవులు మాత్రం కాలిపోతున్నాయి. తల లోపల ఎవరో తలుపు బాదుతున్నట్టుంది.

'ఎంత మొండిదైతే మాత్రం, నా కన్నా మొండిదా ఈ ఒళ్లు?' అనుకుంది.

కళ్లు బైర్లు కమ్మేసరికి తాడు పక్కన పెట్టింది. కిందికి దిగేసరికి అమ్మ ఎదురొచ్చి చేయి పట్టుకుంది.

"ఏమే, ఇలా కాలిపోతున్నావేంటి? ఎండలోకి వెళ్లావా?"

"లేదమ్మా. పడుకున్నా."

అమ్మ ఇంకేం అడగలేదు. తడిగుడ్డ తెచ్చి వీపు తుడిచింది, ఫ్యాన్ కింద కూర్చోబెట్టింది, కుట్టాల్సిన జాకెట్ పక్కన పెట్టి పిల్ల చల్లబడేదాకా అక్కడే కూర్చుంది. పిడుగుకి లోపలెక్కడో గుచ్చుకుంది. అయినా డాబా సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ తర్వాత రెండుసార్లు ప్రయత్నించింది. కాగితం తడవనేలేదు. మ్యాచ్ దగ్గర పడుతోంది. ఇక అప్పుడు పిడుగు బుర్రకి ఒక ఉపాయం తట్టింది. ఉపాయాలు తట్టేటప్పుడు అవి మంచివో కావో చెప్పి రావు కదా.

పలకలు తుడిచే చిన్న స్పాంజి ముక్క ఒకటి తీసుకుని, నీళ్లలో ముంచి, నిక్కరు జేబులో దాచుకుంది. ఆటల పీరియడ్‌లో ఎవరూ చూడకుండా దాన్ని పిండి నుదుటికి, ముక్కు కిందకి, మెడకి అద్దుకుంది. తర్వాత సార్ ముందుకెళ్లి దర్జాగా నిలబడింది.

"సార్, చూడండి."

సార్ చూశారు. నుదుటి మీద ముత్యాల్లా చుక్కలు. కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూశారు.

"ఇదేంటమ్మా, చెమటేనా?"

"డాక్టరుగారు మందు మార్చారు సార్. ఇప్పుడు పడుతోంది. బనియన్ అక్కర్లేదన్నారు."

"అమ్మకి తెలుసా?"

"తెలుసు సార్." ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే పిడుగే ఉలిక్కిపడింది.

సార్ ముఖం విప్పారింది. ఆయనకి కూడా ఆ పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టడం ఇష్టం లేదు మరి. "అయితే ఇంకేం, ఈ రోజు ఆట మొత్తం ఆడు. బాగా ఆడితే మ్యాచ్‌లో మొదటి నుంచీ నువ్వే."

గోల్ దగ్గర నుంచి ఊట ఇదంతా చూశాడు. పొద్దున పిడుగే చెప్పింది కాబట్టి జేబులోని స్పాంజి సంగతి వాడికి తెలుసు. నోరు తెరిచి ఏదో అనబోయాడు. పిడుగు ఒక్క చూపు చూసింది. వాడు తిరిగి గోల్‌లోకి నడిచాడు.

ఆట మొదలైంది. పిడుగు చెలరేగిపోయింది. ఒక గోల్ కొట్టింది. పొడుగు కూడా "భలే" అన్నాడు, అదీ తడికోడి అనకుండా. విజిల్ ఊది పిలిచేవాళ్లు లేరు, బకెట్ దగ్గరికి పరుగుల్లేవు, అందరితో పాటే తనూ. ఇంత హాయిగా పిడుగు ఎప్పుడూ ఆడలేదు.

మధ్యలో స్పాంజి తీసి అద్దుకుంది. తర్వాత మళ్లీ అద్దుకుంది. మూడోసారి పిండితే ఏమీ రాలేదు. 'పోనీలే, కాసేపే కదా' అనుకుంది. ముఖం ఎర్రబడింది. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. పొడుగు అరుస్తున్న మాటలు ఎక్కడో గోడ అవతల నుంచి వినిపిస్తున్నాయి. బాల్ కాళ్ల దగ్గరికి వచ్చింది. ఒకటా, రెండా? పిడుగు అందులో ఒకదాన్ని కాలితో తోసుకుంటూ పరిగెత్తింది. ఎవరూ అడ్డం రాలేదు. గోల్ కనిపించింది. బలమంతా పెట్టి తన్నింది.

"ఏయ్, ఇది మన గోలే," అన్నాడు ఊట. అప్పటికే బాల్ వాడి పక్క నుంచి లోపలికి వెళ్లిపోయింది.

ఎవరో నవ్వారు. పిడుగుకి నవ్వు వినిపించలేదు. కూర్చుందామనుకుంది గానీ, పడిపోయింది.

అందరికన్నా ముందు చేరింది ఊటే. పిడుగు చేయి ముట్టుకుని, తన చేయి వెనక్కి లాక్కున్నాడు. పెనంలా ఉంది. నీళ్ల సీసా తెచ్చి తల మీద పోశాడు. అది చాల్లేదు. ఇంకేం దొరక్క, చెమటతో తడిసి ముద్దయిన తన జెర్సీ విప్పి ఆమె మెడకీ భుజాలకీ చుట్టేశాడు. పదిమంది ముందు చొక్కా విప్పాలంటే చచ్చేంత సిగ్గు వాడికి. ఆ క్షణంలో మాత్రం అది గుర్తుకే రాలేదు.

"సార్, బకెట్ తెండి సార్. అది చెమట కాదు, స్పాంజి," అని గొంతు చించుకున్నాడు.

సార్ ముఖంలో రక్తం ఇంకిపోయింది. బకెట్ నీళ్లు పిల్ల మీద గుమ్మరించి, రెండు చేతుల మీద ఎత్తుకుని బడి నర్సు గదికి పరుగెత్తారు.

నర్సుకి కంగారన్నది తెలియదు. డాక్టరుగారికి ఫోన్ చేస్తూనే ఫ్యాన్ పెంచింది, తడిగుడ్డలు పరిచింది, థర్మామీటర్ పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. డాక్టరుగారు వచ్చి చూసి వెళ్లేసరికి పిడుగు కళ్లు నిలకడగా తెరిచింది, కొద్దికొద్దిగా నీళ్లు కూడా తాగింది. ఇంకాస్త ఆలస్యమైతే చాలా ప్రమాదమయ్యేదని ఆయన గుమ్మం దగ్గర సార్‌తో అనడం వినిపించింది.

ఆయన వెళ్లాక పిడుగు అన్న మొదటి మాట, "ఈ ఒళ్లు నాకొద్దు సిస్టర్. ఇది నన్ను మోసం చేసింది."

నర్సు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఎవరు ఎవర్ని మోసం చేశారో తర్వాత చూద్దాం. ముందు చెప్పు, ముఖం ఎందుకు ఎర్రబడింది?"

"వేడికి."

"లోపలి వేడిని బయటికి పంపడానికి నీ ఒళ్లు రక్తాన్ని చర్మం దగ్గరికి తోలింది. అందుకు ఎర్రబడింది. గుండె ఎందుకు గబగబా కొట్టుకుంది? ఆ రక్తాన్ని తోలడానికే. దాహం ఎందుకేసింది? నీళ్లు కావాలని చెప్పడానికి. తలలో చిన్న భాగం ఒకటి ఉంటుంది తల్లీ. ఒంట్లో వేడి ఎంతుందో అదే కనిపెట్టుకుని ఉంటుంది. చలేస్తే వణికిస్తుంది, ఎండైతే చల్లబరచాలని చూస్తుంది. నువ్వు నిద్రపోయినా అది నిద్రపోదు. ఈ రోజు అది చేతనైనవన్నీ చేసింది. దాని దగ్గర లేనిది ఒక్కటే, పైన నాలుగు నీళ్ల చుక్కలు. అవి నువ్వివ్వాలి. నువ్వు లాక్కున్నావు."

పిడుగు పైకప్పు వైపు చూసింది. "నేను నేర్పిద్దామనుకున్నా. దూకడం నేర్చుకుంటుంది కదా ఒళ్లు."

"కాళ్లున్నాయి కాబట్టి దూకడం నేర్చుకుంటుంది. లేని గ్రంథులతో ఏం నేర్చుకుంటుంది?" నర్సు పిడుగు జేబులో దొరికిన స్పాంజి ముక్క తీసి బల్ల మీద పెట్టింది. "ఇంకో సంగతి. సార్‌ని మోసం చేయడానికి అద్దుకున్నావు చూడు, ఆ చుక్కలు ఉన్నంతసేపూ నీకు మేలే చేశాయి. నీళ్లు ఒంటి మీద ఆరుతూ వేడిని పట్టుకుపోతాయి. చెమట చేసే పనీ అదే. అది చెమటా, కుళాయి నీళ్లా అని ఒళ్లు అడగదు. కాకపోతే ఇంత ముక్కతో సరిపోదు."

పిడుగు ఆ ముక్కని చేతిలోకి తీసుకుని నొక్కింది. ఇన్నాళ్లూ తను దాచాలనుకున్నదీ, దొంగతనంగా అద్దుకున్నదీ ఒకే నీళ్లు. ఆ మాట తల్చుకుంటే తన మీద తనకే ఒళ్లు మండింది.

ఇంతలో అమ్మ వచ్చింది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. తిట్టలేదు. పిల్ల నుదురు, బుగ్గలు, అరచేతులు ఒక్కొక్కటే ముట్టుకుని చూసింది. తర్వాత మంచం అంచున కూర్చుని ఏడ్చింది.

"ఆ రోజు డాబా మీదికి వెళ్లావు కదే," అంది. "నాకు తెలిసింది. నువ్వే చెబుతావని ఊరుకున్నా. నా తప్పే."

తిట్టినా బాగుండేది. పిడుగు లేచి కూర్చుని అమ్మ భుజంలో ముఖం దాచుకుంది. "నీ తప్పు కాదమ్మా. అబద్ధం నాది," అంది.

సార్ గుమ్మం దగ్గరే నిలబడ్డారు. "నేనూ ఒక్క ఫోన్ చేసి అడగాల్సిందండీ," అన్నారు అమ్మతో. తర్వాత పిడుగు వైపు తిరిగారు. "ఇక ఈ మ్యాచ్ సంగతి మర్చిపో."

"మర్చిపోను సార్."

"పిడుగూ," అంది అమ్మ.

"ఉండమ్మా. సార్, నేను అబద్ధమాడాను. తప్పే. ఎంత తిట్టినా పడతా. కానీ చెమట పట్టదని బెంచీ మీద కూర్చోబెట్టడం కూడా తప్పే. కళ్లజోడు ఉందని మిమ్మల్ని ఎవరూ ఇంట్లో కూర్చోమనలేదు కదా."

నర్సుకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. సార్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"నిన్ను పిలుస్తూ కూర్చోవడం నా వల్ల కాదన్నాను కదా."

"పిలవొద్దు. నేనే వస్తా. బాల్ నా దగ్గరున్నా వస్తా. ఒక్కసారి రాకపోతే అప్పుడు తీసేయండి."

సార్ అమ్మ వైపు చూశారు. అమ్మ నర్సు వైపు చూసింది. నర్సు, "డాక్టరుగారు సరేనన్నాకే. అప్పటిదాకా ఆటల్లేవు. మ్యాచ్‌కి నేనూ వస్తాను," అంది.

డాక్టరుగారు వెంటనే సరే అనలేదు. వారం ఆగమన్నారు, రెండుసార్లు పరీక్షించారు, మ్యాచ్ ముందు రోజు గానీ తల ఊపలేదు. ఆ వారమంతా పిడుగు గ్రౌండ్ పక్కన కూర్చుని ఆట చూసింది. అంత ఓపిక ఆ పిల్లలో ఉందని ఎవరికీ తెలియదు, తనకి కూడా.

మ్యాచ్ రోజు ఆ బడి గ్రౌండ్‌లో నిజంగానే నీడ లేదు. నర్సు గొడుగు, బకెట్‌తో గీత పక్కనే కూర్చుంది. పిడుగు ఆట మొదలవకముందే అందరి ఎదుటా మగ్గుతో నెత్తిన నీళ్లు పోసుకుంది. అవతలి జట్టు పిల్లలు పళ్లికిలించారు.

"స్నానం ఇంట్లో చేసి రావచ్చుగా," అన్నాడొకడు.

"చేశాను. ఇది నా చెమట," అంది పిడుగు. వాడికేం అర్థం కాలేదు. విడమరిచి చెప్పే తీరిక పిడుగుకి లేదు.

ఆడుతూ ఆడుతూ మొదటిసారి తనే బయటికి వచ్చింది. రెండోసారీ వచ్చింది. ఆమె వచ్చినప్పుడల్లా రిజర్వ్ పిల్లాడు లోపలికి, ఆమె లేవగానే వాడు బయటికి. అంత కష్టమేమీ కాలేదని సార్‌కి కూడా అనిపించి ఉండాలి. రెండు జట్లూ చెరో గోల్ కొట్టాయి.

ఇక ఆట చివరికొచ్చింది. ఊట కుడివైపు దూకి ఒక బాల్ ఆపి ముందుకి విసిరాడు. అది సరాసరి పిడుగు కాళ్ల దగ్గరే పడింది. ముందు ఖాళీ. గోల్ కనిపిస్తోంది. గ్రౌండంతా లేచి నిలబడింది.

అప్పుడే చెవులు వేడెక్కాయి. జెర్సీ మీద చేయి వేసి చూసింది. బనియన్ ఆరిపోయింది. ముఖం కాలుతోంది. గుండె గబగబా కొట్టుకుంటోంది. అది తిడుతున్నట్టు కాదు, పిలుస్తున్నట్టు ఉంది ఈసారి. సార్ దగ్గర విజిల్ లేదు. పిలిచేవాళ్లు లేరు. ఇంకో పది అడుగులు పరిగెత్తినా ఎవరూ తప్పుపట్టరు.

పిడుగు బాల్‌ని పక్కనున్న పొడుగుకి తోసి, చేయి పైకెత్తి, గీత దాటి బయటికి వచ్చేసింది.

"పిచ్చా నీకు?" అని పొడుగు అరిచాడు. ఆ అరుపులోనే బాల్ పోగొట్టుకున్నాడు. అవతలి జట్టు దాన్ని లాక్కుని వెళ్లి గోల్ కొట్టేసింది. ఊట ఎడమవైపు దూకాడు, వేలికి తగిలింది గానీ ఆగలేదు.

గొడుగు కింద కూర్చున్న పిడుగు అదంతా చూసింది. లేవబోయింది. నర్సు మగ్గు అందించింది. పిడుగు మళ్లీ కూర్చుంది. ఒక మగ్గు నెత్తిన, ఒకటి వీపున, ఒకటి గుండెల మీద పోసుకుంది. తొందరపడలేదు. గుండె నెమ్మదించేదాకా, చెవులు చల్లబడేదాకా ఆగింది. నీళ్లు తాగింది. నర్సు మెడ మీద చేయి వేసి చూసి తలూపాకే లేచింది.

నీళ్లోడుతూ లోపలికి నడుస్తుంటే పొడుగు ఎదురొచ్చాడు. వాడి కళ్లలో నిప్పులు.

"నీ వల్లే పోయింది. గోల్ వదిలేసి నీళ్లు పోసుకుంటావా?"

"అవును, పోసుకుంటా. మళ్లీ ఆరితే మళ్లీ పోసుకుంటా." పిడుగు ముఖం మీది నీళ్లు తుడుచుకోకుండానే వాడిని దాటి ముందుకెళ్లింది. "ఇంకా టైముంది. అరుపులాపి బాల్ ఇటివ్వు."